మబ్బు పడితే ఫైబ్రోమయాల్జియా నొప్పులు పెరుగుతున్నాయి: లెక్క ఎలా కట్టాలి, ఇంట్లో ఏం మార్చాలి, ఊరు మారాలా?

తూరుపుగాలి

అమ్మకి 54 ఏళ్ళు, కాకినాడ. ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పులు, అలసట, నిద్రలేమి ఉండే జబ్బు) అని రుమటాలజిస్టు, అంటే కీళ్ళ, కండరాల జబ్బుల డాక్టరు, తేల్చారు. వాడుతున్నవి: రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా., పొద్దున డులోక్సెటిన్ 30 మి.గ్రా., బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. ఈఎస్ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్తపరీక్షలు), థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. కీళ్ళ వాపు లేదు.

ముసురు పట్టిందంటే మెడ, భుజాలు, నడుము బిగుసుకుపోతాయి. మే నెల ఉక్కపోతలో నొప్పి కంటే నీరసం ఎక్కువ, నిద్ర ఉండదు. డిసెంబరు తెల్లవారుజామున చేతులు, పాదాలు సలుపు. మావయ్యేమో "హైదరాబాద్ మకాం మార్చేయండి, అక్కడ గాలిలో తేమ ఉండదు" అంటున్నారు. నాన్న "టీవీలో అల్పపీడనం అని వినగానే మొదలవుతుంది, అంతా అనుకోవడమే" అంటున్నారు.

నాకు కావలసింది ఇవీ. వాతావరణానికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం ఎంత, ఏది ముఖ్యం: ఒత్తిడా, తేమా, చలా? అమ్మ విషయంలో అది నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉందా? ఏసీ, కూలర్, కాపడం, నడక విషయంలో కాలాన్ని బట్టి ఏం మార్చాలి? "ధైర్యంగా ఉండండి" తరహా జవాబులు వద్దు, దయచేసి.

---

కార్తెలెక్క

తూరుపుగాలి గారూ, వాతావరణం వరకు నేను చెప్తాను. మందుల సంగతి తెలిసినవాళ్ళు అందుకుంటారు.

మీ నాన్నగారిదీ మావయ్యగారిదీ చెరి సగం నిజం. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఫైబ్రోమయాల్జియా ఉన్న 333 మంది ఆడవాళ్ళ చేత 28 రోజుల పాటు రోజువారీ నొప్పి, అలసట రాయించి వాతావరణ లెక్కలతో సరిచూశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో దాదాపు ఏ అంశానికీ చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు, కనిపించిన చోట కూడా చాలా చిన్నది. 2019లో నార్వే నుంచి వచ్చిన ఇంకో అధ్యయనం 48 మందితో నెల రోజులు చేసింది. అందులో గాలి ఒత్తిడి తగ్గి తేమ పెరిగినప్పుడు నొప్పి కొంత పెరిగింది. అదే ఏడాది మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు స్మార్ట్‌ఫోన్ ద్వారా చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. ఫైబ్రోమయాల్జియాతో పాటు రకరకాల దీర్ఘకాలిక నొప్పులున్న 2,658 మంది లెక్కలు అందులో ఉన్నాయి. తేమ, గాలి వేగం ఎక్కువై ఒత్తిడి తగ్గిన రోజుల్లో నొప్పి పెరిగే అవకాశం కొద్దిగా ఎక్కువ అని తేలింది. ఎంత ఎక్కువ అంటే, మామూలు రోజున నూటికి 5 ఉండే అవకాశం ముసురు, ఈదురుగాలి రోజున 6 అవుతుంది. అంటే ప్రభావం ఉంది, కానీ జనం చెప్పుకునేంత లేదు. మనిషికీ మనిషికీ తేడా కూడా ఎక్కువే.

ఇవన్నీ చలిదేశాల లెక్కలని మర్చిపోకూడదు. బ్రిటన్‌లో గాలి ఒత్తిడి ఒక్క వారంలో 30 హెక్టాపాస్కల్స్ (గాలి ఒత్తిడికి కొలమానం) అటూఇటూ ఊగడం మామూలు. మన తీరంలో జనవరిలో 1014 దగ్గర, జూలైలో 1003 దగ్గర ఉంటుంది. ఏడాది మొత్తం మీద పది పదకొండు తేడా, అదీ నెమ్మదిగా. మామూలు అల్పపీడనానికి నాలుగైదు పడుతుంది, అంతే. తుఫాను తీరం దాటేటప్పుడు మాత్రం వేరే సంగతి. 2014 అక్టోబరు 12న విశాఖలో దాటిన హుద్‌హుద్ కేంద్రంలో ఒత్తిడి 950 దాకా పడిపోయింది. అలాంటివి ఎన్నేళ్ళకోసారి వస్తాయో మీకే తెలుసు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. మన అక్షాంశాల్లో ఒత్తిడి రోజుకు రెండుసార్లు తనంతట తానే పెరిగి తగ్గుతుంది. పొద్దున 10, రాత్రి 10 ప్రాంతంలో గరిష్ఠం. సాయంత్రం 4, తెల్లవారుజాము 4 ప్రాంతంలో కనిష్ఠం. మధ్యలో తేడా 3 నుంచి 4 హెక్టాపాస్కల్స్. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా పది గంటలకూ నాలుగు గంటలకూ మధ్య ఒక చిన్న అల్పపీడనమంత పడుతుందన్నమాట! అందుకని పొద్దున రీడింగుని సాయంత్రం రీడింగుతో పోల్చి "పడిపోయింది" అనుకోకూడదు. నిన్న పొద్దున 10కి ఎంత, ఇవాళ పొద్దున 10కి ఎంత అన్నదే చూడాలి.

ఇక హైదరాబాద్. అది సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వల్లే అక్కడ గాలి ఒత్తిడి కాకినాడ కంటే 60 హెక్టాపాస్కల్స్ తక్కువ, ఏడాది పొడుగునా. తక్కువ ఒత్తిడే అసలు శత్రువైతే విశాఖ నుంచి ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి, ఒత్తిడి వంద దాకా తగ్గి, ఏ తుఫానూ తేలేనంత నొప్పి రావాలి. విమానం ఎక్కితే ఇంకా ఎక్కువ రావాలి. అమ్మగారు ఘాట్ రోడ్డు ప్రయాణం చేసి ఉంటే ఆ రోజు, మర్నాడు ఎలా ఉన్నారో అడగండి. ప్రయాణపు అలసటని పక్కన పెట్టి అడగాలి, అదే కష్టం.

తేమ దగ్గర కూడా ఒక పొరపాటు జరుగుతుంది. ఫోన్‌లో కనిపించే తేమ శాతం చలికాలం తెల్లవారుజామున 90 చూపిస్తుంది, మే మధ్యాహ్నం 55 చూపిస్తుంది. అది చూసి చలికాలమే తేమకాలం అనుకుంటాం. 20 డిగ్రీల దగ్గర 90 శాతం అంటే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 18. 36 డిగ్రీల దగ్గర 55 శాతం అంటే డ్యూ పాయింట్ 25 దాటుతుంది. ఉక్కపోతకి కొలత డ్యూ పాయింటే. వాతావరణం యాపుల్లో చాలావాటిలో ఉంటుంది. 24 దాటిందంటే చెమట ఆరదు, రాత్రి నిద్ర పట్టదు. కాకినాడలో మే, జూన్ నెలల్లో 26 చూడటం వింత కాదు.

మన తీరంలో గాలి ఒత్తిడి మీద కన్నా రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత మీద, డ్యూ పాయింట్ మీద కన్ను వేయడం మేలని నా అభిప్రాయం. పగలు 41 అయినా రాత్రి 25కి దిగితే మనిషి కోలుకుంటాడు. రాత్రి కూడా 29 దగ్గరే ఆగిపోతే వరసగా మూడు రాత్రులు నిద్ర పాడవుతుంది. ఫైబ్రోమయాల్జియాలో నిద్ర పోయిన మర్నాడు నొప్పి పెరగడం బాగా రుజువైన సంగతి.

---

ఎదురుప్రశ్న

అంత లెక్క అక్కర్లేదండీ. మబ్బు పడితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, కీళ్ళలో ఉన్న ద్రవం ఉబ్బుతుంది, నొప్పి వస్తుంది. ఇది అందరికీ తెలిసిందే కదా. మా వైపు దీన్నే వాతం అంటారు. వంకాయ, చేమదుంప మాన్పించి, ముసురు రోజుల్లో ఒక నొప్పి ఇంజెక్షన్ చేయిస్తే సరిపోతుంది.

---

మాత్రలడబ్బీ

ఎదురుప్రశ్న గారూ, కీళ్ళు ఉబ్బడం అన్న ఊహ కీళ్ళ అరుగుదల గురించి చెప్పేది. అక్కడ కూడా అది ఊహే. ఫైబ్రోమయాల్జియాలో కీలు బాగానే ఉంటుంది, వాపు ఉండదు, సీఆర్‌పీ పెరగదు. తేడా వచ్చేది వెన్నుపాము, మెదడు నొప్పిని లెక్కగట్టే తీరులో. 2002లో అమెరికాలో ఎఫ్ఎంఆర్ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్) కింద బొటనవేలి గోటి మీద ఒకే ఒత్తిడి పెట్టి చూశారు. ఆరోగ్యవంతుల్లో పెద్దగా చలనం లేని మెదడు భాగాలు ఈ జబ్బున్నవాళ్ళలో చురుగ్గా స్పందించాయి. వేడికీ చలికీ కూడా వీళ్ళకి నొప్పి మొదలయ్యే హద్దు మిగతావాళ్ళ కంటే ముందే వస్తుంది. తూరుపుగాలి గారి నాన్నగారికి ఇది చూపించండి: "అనుకోవడం" కాదు, కొలిచిన తేడా. అయితే టీవీలో హెచ్చరిక వినగానే ఒళ్ళు బిగపట్టుకోవడం కూడా నొప్పిని పెంచుతుంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇంజెక్షన్ సంగతి గట్టిగా చెప్పాలి. ముసురు రోజుల్లో వీధి క్లినిక్కుల్లో ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, లేకపోతే స్టెరాయిడ్. వాపే లేని జబ్బులో వాపు తగ్గించే మందు పనిచేయదు. స్టెరాయిడ్‌తో కాసేపు హుషారుగా ఉంటుంది, తర్వాత షుగరు, బీపీ, ఎముకల గుల్లతనం మిగులుతాయి. ఎండాకాలంలో ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ పడితే, పైగా బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే మందు కూడా వాడుతుంటే, కిడ్నీ ఒక్క దెబ్బకి దెబ్బతినొచ్చు. అమ్మగారు వాడేది సరిగ్గా ఆ జోడీయే. వంకాయ మానినా మానకపోయినా ఇక్కడ తేడా లేదు, ఆవిడ ఇష్టం.

ఇప్పుడు అమ్మగారి మందులూ కాలమూ. ఇది ఎవరూ చెప్పరు గానీ, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే కావచ్చు.

అమిట్రిప్టిలిన్ చెమటని తగ్గిస్తుంది, నోరు ఆరుస్తుంది. 10 మి.గ్రా.కి అంతగా కాదు, 25కి పెంచితే మే నెలలో తెలుస్తుంది: ఒళ్ళు కాలుతున్నట్టు ఉంటుంది, చెమట మాత్రం పట్టదు. డులోక్సెటిన్ దానికి తలకిందులు, కొందరికి చెమటలు ధారగా పోయిస్తుంది. ఈ మందు కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడుతున్నవాళ్ళలో, రక్తంలో సోడియం తగ్గిస్తుంది. బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా అదే పని చేస్తుంది. పైన ఎండ, చెమట, ఉప్పు తగ్గించమన్న సలహా, లీటర్ల కొద్దీ మంచినీళ్ళు. అన్నీ కలిసి సోడియం పడిపోతే కనిపించేవి ఏమిటి? నీరసం, తలనొప్పి, వికారం, కండరాలు పట్టడం, మాట మీద ధ్యాస నిలవకపోవడం. అంటే "ఎండకి ఫైబ్రో ఎక్కువైంది" అని మనం అనుకునేవే. సీరం సోడియం చిన్న రక్తపరీక్ష, ఖర్చు కూడా తక్కువ. ఈ మూడు మాత్రలూ కలిపి వాడుతున్నవాళ్ళు ఎండాకాలం ముందొకసారి, నీరసం ఎక్కువైనప్పుడు ఒకసారి చేయించమని డాక్టరుని అడగాలి. 135 కంటే తక్కువ వస్తే బీపీ మాత్ర రకం మార్చడమో ఇంకొకటో ఆయన చూస్తారు. మీరు సొంతంగా ఉప్పు పెంచొద్దు, మాత్ర ఆపొద్దు.

ఆపొద్దు అన్నది తుఫానుకి కూడా వర్తిస్తుంది. డులోక్సెటిన్ రెండు మూడు రోజులు తప్పితే తలతిరుగుడు, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్టు జలదరింపు, చిరాకు, నిద్రలేమి మొదలవుతాయి. తుఫాను రోజుల్లో దుకాణాలు మూసి, మాత్రలు అయిపోయి, దాని వల్ల వచ్చిన బాధని అల్పపీడనం ఖాతాలో వేసేవాళ్ళు ఉన్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంట్లో ఎప్పుడూ కనీసం పది రోజుల మాత్రలు అదనంగా ఉండాలి. గాలి చొరబడని డబ్బాలో, డాక్టరు చీటీతో సహా.

నొప్పి ఎక్కువైందని ఎవరైనా ట్రమడాల్ రాస్తే, డులోక్సెటిన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. రెండూ కలిస్తే కొందరిలో వణుకు, విపరీతమైన చెమట, జ్వరం, గుండెదడ వస్తాయి. మే నెలలో అది వడదెబ్బ అని పొరబడే ప్రమాదం ఉంది.

ఇంకొక మాట. వానాకాలంలో నొప్పి పెరిగిన ప్రతిసారీ ఫైబ్రో అని సరిపెట్టుకోకండి. జ్వరం వచ్చి తగ్గాక వేళ్ళ కణుపులు, మణికట్టు, చీలమండలు వాస్తే చికున్‌గున్యా చూడాలి. 2006లో మన రాష్ట్రాన్ని అది ఎలా పడుకోబెట్టిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పొద్దున లేచాక గంటకు మించి కీళ్ళు బిగుసుకుని, చేత్తో తడిమితే వాపు తెలుస్తుంటే, బరువు తగ్గుతుంటే, ఒక కాలో చెయ్యో పట్టు తప్పుతుంటే వాతావరణం మాట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

---

తూరుపుగాలి

సోడియం సంగతి మాకెవరూ చెప్పలేదు, రేపే అడుగుతాం. కార్తెలెక్క గారూ, ఇంట్లో లెక్క కట్టే పద్ధతి చెప్తారా? డైరీ మొదలుపెట్టాం గానీ అమ్మ "ఇవాళ మబ్బు, నొప్పి 8" అని రాస్తోంది. నాన్న అది చూసి నవ్వుతున్నారు.

---

కార్తెలెక్క

నాన్నగారి నవ్వుకి కారణం ఉంది. రాసేవాళ్ళకి వాతావరణం తెలిసి ఉంటే ఆ డైరీ దేనికీ పనికిరాదు. పని ఇద్దరికీ పంచండి. అమ్మగారు నొప్పి రాస్తారు, వాతావరణం జోలికే వెళ్ళరు. నాన్నగారు వేరే కాగితం మీద వాతావరణం రాస్తారు, అది అమ్మగారికి చూపించరు. నవ్వినందుకు ఆయనకి ఆ మాత్రం పని పడాల్సిందే.

అమ్మగారి కాగితంలో రోజుకి ఒక్క వరస చాలు, రాత్రి పడుకునే ముందు ఒకే వేళకి. నొప్పి 0 నుంచి 10. అలసట 0 నుంచి 10. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. ఆ రోజు పని తక్కువా, మామూలా, ఎక్కువా (ఇల్లు దులపడం, పెళ్ళి, ప్రయాణం ఎక్కువ కిందికి వస్తాయి). మాత్ర తప్పిందా. ఇంకేమీ వద్దు, ఎక్కువ గళ్ళు పెడితే పదో రోజుకి మానేస్తారు.

నాన్నగారి కాగితంలో నాలుగు గళ్ళు: పొద్దున 10 గంటల ఒత్తిడి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, మధ్యాహ్నం డ్యూ పాయింట్, వాన పడిందా లేదా. వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ ఉష్ణోగ్రత, వాన వివరాలు దొరుకుతాయి. ఒక ఊరిని ఎంచుకుంటే చివరిదాకా ఆ ఊరి లెక్కే తీసుకోవాలి.

ఎనిమిది వారాలు ఆగండి, ముందు చూసుకోవద్దు. మధ్యలో కనీసం రెండు ముసురు విడతలైనా రావాలి కాబట్టి జూలై, ఆగస్టు గానీ అక్టోబరు, నవంబరు గానీ మంచిది. 56 రోజుల నొప్పి అంకెల్ని వరసలో పేర్చి నడిమి అంకె చూడండి. దాని కంటే కనీసం 2 ఎక్కువ ఉన్న ప్రతి రోజునీ "గడ్డు రోజు" అనండి. ఇప్పుడు కాగితాన్ని నాలుగు గళ్ళు చేయండి. పైన వాన రోజు, పొడి రోజు. పక్కన గడ్డు రోజు, మామూలు రోజు.

ఉదాహరణకి అంకెలు వేసి చూపిస్తాను. వాన రోజులు 14, వాటిలో గడ్డువి 6. పొడి రోజులు 42, వాటిలో గడ్డువి 10. మనిషికి గుర్తుండేది ఆ ఆరే, "వాన పడితే చాలు" అంటారు. వాన పడినా బాగున్న 8 రోజులూ, వాన లేకున్నా బాధపడ్డ 10 రోజులూ ఎవరికీ గుర్తుండవు. అయినా శాతాలు చూస్తే వానకి 43, పొడికి 24. తేడా ఉన్నట్టే అనిపిస్తుంది. అక్కడితో ఆగకండి. ఆ ఆరు గడ్డు రోజుల్లో ముందు రాత్రి ఐదు గంటల కంటే తక్కువ నిద్ర ఎన్నింటికి? పని "ఎక్కువ" అని రాసినవి ఎన్ని? ఆరింటిలో నాలుగింటికి నిద్ర పాడై ఉంటే, మందు పెట్టాల్సింది ఆకాశానికి కాదు, పడకగదికి.

ఇదే లెక్క ఒక రోజు జరిపి కూడా వేయండి: ఇవాళ్టి వాతావరణం, రేపటి నొప్పి. కొందరిలో మర్నాడు తెలుస్తుంది. కానీ మూడు రోజులు ముందుకీ మూడు రోజులు వెనక్కీ జరుపుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట సంబంధం కుదిరి తీరుతుంది. ఒక్క రోజు దాటి జరపొద్దు.

---

నెమ్మదినడక

ఇంట్లో మార్పులూ నడకా నేను రాస్తాను. ఈ జబ్బుకి యూరప్ రుమటాలజీ వాళ్ళు 2017లో ఇచ్చిన సిఫార్సుల్లో గట్టిగా బలపరిచింది ఒక్క వ్యాయామాన్నే. కాలం మారినప్పుడు ముందుగా ఆగిపోయేదీ అదే. వాన పడిందని నడక మానేస్తారు, నాలుగు రోజులు కూర్చునేసరికి ఒళ్ళు బిగుసుకుంటుంది, తెరిపి ఇవ్వగానే నాలుగు రోజుల పనీ ఒక్క రోజులో చేసేస్తారు, మర్నాడు మంచం. దీన్ని తేమ ఖాతాలో వేస్తారు.

నడక ఎంతతో మొదలుపెట్టాలంటే, చేసిన మర్నాడు నొప్పి పెరగనంతతో. చాలామందికి అది 5 నిమిషాలు, రోజుకి రెండుసార్లు. వారానికి ఒక్కో నిమిషం కలపండి. గడ్డు రోజున సున్నా చేయకుండా సగానికి తగ్గించండి. హుషారుగా ఉన్న రోజున కూడా అనుకున్న నిమిషాలు దాటొద్దు, సగానికి తగ్గించడం కంటే ఇదే కష్టం. ముసురు రోజుల్లో వరండానో అపార్ట్‌మెంట్ కారిడారో చాలు. తడి గ్రానైట్ మీద జారుతుంది, అమిట్రిప్టిలిన్‌తో పొద్దున కాస్త తూలు ఉంటుంది, రబ్బరు అడుగున్న చెప్పులు తప్పనిసరి. మే నెలలో పొద్దున 6 లోపల, డిసెంబరులో 8 తర్వాత.

చలికాలం సలుపుకి ముఖ్య కారణం గాలి కంటే నేల, నీళ్ళు. చలువరాయి మీద ఒట్టి కాళ్ళతో వంటింట్లో గంట నిలబడటం, చన్నీళ్ళతో అంట్లు, బట్టలు. చెప్పులు, మేజోళ్ళు, గోరువెచ్చని నీళ్ళు: ఈ మూడింటితోనే చాలామటుకు తగ్గుతుంది. స్నానానికి నీళ్ళు 38 నుంచి 40 డిగ్రీలు, పది నిమిషాలు. స్నానాలగదిలోకి వెళ్ళేముందే గదిలో ఫ్యాను ఆపేయండి. తడి ఒంటి మీద ఫ్యాను గాలి తగిలితే స్నానం చేసిన సుఖం రెండు నిమిషాల్లో పోతుంది.

వేడినీళ్ళ బ్యాగులో మరిగే నీళ్ళు పోయకూడదు. మరిగించి దింపి పది పదిహేను నిమిషాలు ఆగి, మూడింట రెండు వంతులు నింపి, నిలబెట్టి నొక్కి గాలి తీసేసి బిరడా బిగించాలి. గాలి ఉండిపోతే బ్యాగు ఉబ్బి ఒంటికి సరిగ్గా ఆనదు. తువ్వాలు చుట్టి ఒక్కోచోట 15 నుంచి 20 నిమిషాలు. పెట్టుకుని నిద్రపోకూడదు, మగత తెచ్చే మందులు వాడేవాళ్ళకి చర్మం కాలేది అలాగే. షుగరు ఉండి పాదాలు మొద్దుబారితే పాదాలకి కాపడం వద్దే వద్దు. రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్ళు కనిపిస్తే పారేయండి.

ఎండాకాలం. కూలర్ పనిచేసేది పొడి వేడిలో. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఏప్రిల్‌లో అది దివ్యంగా ఉంటుంది, కిటికీ ఒకటి తీసి ఉంచితేనే. కాకినాడ తేమలో కూలర్ గదిని ఆవిరి గది చేస్తుంది, కొనకండి. ఏసీ అయితే 26 లేదా 27 పెట్టి, సీలింగ్ ఫ్యాను తక్కువ స్పీడులో తిప్పండి. రెక్క పైకి పెట్టాలి, గాలి మెడ మీద, భుజాల మీద నేరుగా పడకూడదు. 20లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మామూలువాళ్ళకి బిల్లు మాత్రమే పెంచుతుంది, వీళ్ళకి నొప్పి కూడా పెంచుతుంది. బయటి 40 నుంచి లోపలి 20లోకి ఒక్కసారి అడుగుపెట్టినా అంతే. వానాకాలంలో బయట చల్లగా ఉండి గది మాత్రం జిగటగా ఉంటే డ్రై మోడ్ వాడండి, చల్లదనం తక్కువ, తేమ తీయడం ఎక్కువ.

ఏసీ లేకపోతే పడుకునే ముందు గోరువెచ్చని స్నానం, నూలు దుప్పటి, ఎండ పడే కిటికీకి పగలంతా బయటి వైపు తడక లేదా మందపాటి గుడ్డ. ఎండ లోపలికి వచ్చాక కర్టెన్ వేస్తే సగం వేడి అప్పటికే వచ్చేసి ఉంటుంది.

---

తూరుపుగాలి

హైదరాబాద్ సంగతి ఇంకా తేలలేదు. మావయ్య ఫ్లాట్ కూడా చూసి పెట్టారు.

---

కార్తెలెక్క

అడ్వాన్సు ఇవ్వొద్దు ఇప్పుడే. హైదరాబాద్‌లో మే రాత్రులు కాకినాడ కంటే పొడిగా ఉంటాయి, నిద్ర కొంత మెరుగుపడవచ్చు. బదులుగా డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు మీకంటే బాగా చల్లన. శివార్లలో ఆ నెలల్లో పది డిగ్రీల దగ్గరికి దిగే రోజులుంటాయి. అమ్మగారికి చలికి చేతులు, పాదాలు సలుపుతాయని మీరే రాశారు. జూలై, ఆగస్టు ముసురు అక్కడా ఉంటుంది. ముందు ఎనిమిది వారాల లెక్క పూర్తి చేయండి. ఆ తర్వాత బంధువుల ఇంట్లో మేలో మూడు వారాలు, జనవరిలో మూడు వారాలు ఉంచి, అదే డైరీ అక్కడా రాయించండి. మొదటి వారం లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త చోటు, పని తక్కువ, పలకరింపులు ఎక్కువ, ఎవరికైనా బాగానే ఉంటుంది.

---

మాత్రలడబ్బీ

దానికి తోడు, కాకినాడలో ఆవిడకి చూస్తున్న డాక్టరు, ఇంటిపనికి సాయం వచ్చే మనిషి, రోజూ కలిసి నడిచే స్నేహితులు ఎవరెవరో కాగితం మీద రాయండి. హైదరాబాద్ మూడో అంతస్తు ఫ్లాట్‌లో అవన్నీ మళ్ళీ మొదటి నుంచి కూర్చుకోవాలి.

---

తూరుపుగాలి

సరేనండి, ఫ్లాట్ ఆపమంటాను. చివరిది ఒకటి: నాన్న ఫోన్‌లో బేరోమీటర్ ఉంది. అది 1004 చూపిస్తోంది, వాతావరణం యాప్ 1006 చూపిస్తోంది. ఏది రాయాలి?

---

కార్తెలెక్క

ఏదైనా ఒకటే, రెండూ కలపకూడదు. యాప్ చూపేది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. ఫోన్ చూపేది మీరున్న అంతస్తులో అసలు ఒత్తిడి. ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తుకి ఒక హెక్టాపాస్కల్ చొప్పున తగ్గుతుంది. మీరు నాలుగైదు అంతస్తుల పైన ఉంటే ఆ రెండు తేడా అక్కడే తేలిపోతుంది, సెన్సర్ కూడా ఒకటి అటూఇటూ చూపిస్తుంది. మనకి కావలసింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కాబట్టి ఫోన్ చాలు. పొద్దున 10కి, ఇంట్లో ఒకే బల్ల మీద పెట్టి చూడమనండి. కింద పార్కింగులో ఉన్నప్పుడు చూసింది రాయొద్దు.